సినిమా పేరున్న గేమ్ కొనొచ్చా?

ప్రశ్న: మా బాబుకి తొమ్మిదేళ్లు. భీమవరంలో సినిమా చూసొచ్చిన దగ్గర్నుంచి ఆ హీరో వీడియో గేమ్ కొనమని ఒకటే గొడవ. అంత డబ్బు పెట్టొచ్చా అండీ?
– ఒక తల్లి, పాలకొల్లు

జవాబు: తొందరపడకండమ్మా. డబ్బా మీద హీరో బొమ్మ ఉన్నంత మాత్రాన లోపల ఆట బాగుంటుందని లేదు. సినిమా విడుదలకి అందించాలన్న హడావిడిలో ఇలాంటివి చాలా అరకొరగా తయారవుతాయి. 1982లో అటారీ అనే వీడియో గేముల కంపెనీ ‘ఈ.టీ.’ సినిమా గేముని ఐదారు వారాల్లోనే చేయించి క్రిస్మస్‌కి అమ్మకానికి పెట్టింది, చివరికి మిగిలిపోయిన సరుకు కొంత అమెరికాలోని న్యూ మెక్సికోలో గొయ్యి తీసి పూడ్చేశారు, 2014లో తవ్వితే బయటపడ్డాయి కూడా. అలాగని అన్నీ అంతే అనను. జేమ్స్ బాండ్ సినిమా ‘గోల్డెన్‌ఐ’ గేమ్ ఆ సినిమా వచ్చిన రెండేళ్లకి, 1997లో, తీరిగ్గా వచ్చింది, ఇప్పటికీ మెచ్చుకుంటారు (తుపాకుల ఆట, మీవాడికి వద్దు).

మొన్న సంక్రాంతికి మా మేనల్లుడికి ఇలాంటిదే కొనిచ్చా. భోగి నాడు మొదలుపెట్టి కనుమకల్లా ముగించేశాడు, ఇప్పుడా డిస్కు టీవీ వెనకాల దుమ్ము కొట్టుకుపోయి ఉంది, నాకు ప్రాణం ఉసూరుమంది. అందుకే ముందు యూట్యూబ్‌లో ఎవరైనా ఆడే వీడియో ఓ అరగంట బాబుతో కూర్చుని చూడండి, డబ్బా మీద వయసు అంకె చూడండి. అప్పటికీ కావాలంటే రెండు మూడు నెలలు ఆగండి, చాలావాటికి ధర తగ్గుతుంది.