మామూలు బీఎస్సీతో ఫుడ్ ఇండస్ట్రీలో ఉద్యోగాలు దొరుకుతాయా?

ఫుడ్ టెక్నాలజీ చదవకపోయినా, బీఎస్సీ కెమిస్ట్రీ, మైక్రోబయాలజీ వాళ్లు ఈ రంగంలోకి నిక్షేపంగా వెళ్లొచ్చు. ఎక్కువమంది మొదట చేరేది క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లోనే.

పాల డెయిరీనే తీసుకోండి. ట్యాంకర్ రాగానే శాంపిల్ తీసి కొవ్వు శాతం, ఎస్ఎన్ఎఫ్ (కొవ్వు కాకుండా పాలలో ఉండే ఘన పదార్థాల) శాతం చూడాలి. యూరియా, స్టార్చ్ లాంటివి కలిపారేమో పరీక్షించాలి. పాలను 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు వేడిచేశాక ఫాస్ఫటేజ్ (పచ్చిపాలలో సహజంగా ఉండే ఎంజైమ్) పరీక్ష ఉంటుంది. ఆ ఎంజైమ్ ఇంకా పనిచేస్తోందంటే వేడి చాలలేదనో, పచ్చిపాలు కలిశాయనో అర్థం. ఆ పాలు ప్యాకెట్లలోకి వెళ్లకుండా ఆపాల్సింది ల్యాబే. పసిపిల్లలు తాగే పాలు కదా, చిన్న బాధ్యతేం కాదు.

భీమవరం వైపు రొయ్యల ప్లాంట్లకు ఎగుమతికి ముందు క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు అనే యాంటీబయాటిక్ మందుల అవశేషాల పరీక్షలు తప్పనిసరి. కెమిస్ట్రీ వాళ్లు ఎల్‌సీ-ఎంఎస్‌ఎంఎస్ మెషీన్ (ఇలాంటి అవశేషాలు అతి తక్కువ మోతాదులో ఉన్నా పట్టే యంత్రం) మీద పని నేర్చుకోవడం మంచిదని నా సలహా. ఫార్మా ల్యాబుల్లోనూ అదే పనికొస్తుంది.

ప్రభుత్వంలో అయితే ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ పోస్టు ఉంది. ఇక్కడో మెలిక: మైక్రోబయాలజీ, బయోకెమిస్ట్రీ, బయోటెక్నాలజీ వాళ్లకు డిగ్రీ చాలు, కెమిస్ట్రీ వాళ్లకు మాత్రం ఎమ్మెస్సీ ఉండాలి. ఇది తెలియక కోచింగ్‌కి డబ్బు కట్టేయకండి, ముందు నోటిఫికేషన్‌లో అర్హతలు చదవండి.

పై చదువులకు మైసూరు సీఎఫ్‌టీఆర్‌ఐ (కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ)లో ఎమ్మెస్సీ ఫుడ్ టెక్నాలజీ ఉంది. పోషకాహారం వైపు ఆసక్తి ఉంటే హైదరాబాద్ ఎన్‌ఐఎన్‌ (జాతీయ పోషకాహార సంస్థ)లో అప్లైడ్ న్యూట్రిషన్ చూడండి.