పది గంటలకల్లా డేటా ఎందుకు అయిపోతోంది?

ప్రశ్న: నమస్కారం మేడమ్. చింతపల్లి దగ్గర ఒక ప్రాథమిక పాఠశాలలో పనిచేస్తున్నాను. మా ఊరికి కేబుల్ ఇంటర్నెట్ రాలేదు. ఫోనులో రోజుకు 1.5 జీబీ ప్యాకు వేయించుకుని, హాట్‌స్పాట్ పెట్టి ల్యాప్‌టాప్ వాడతాను. అందులో విండోస్ బదులు లైనక్స్ రకమైన ఉబుంటు 24.04 ఉంది. పొద్దున పాఠానికి కావలసిన రెండు బొమ్మలు, ఒక పీడీఎఫ్ దించుకుంటాను, అంతే. పది గంటలకల్లా డేటా అయిపోయిందని మెసేజ్ వస్తోంది. వైరస్ ఏమైనా పట్టిందా? మావారు మళ్లీ విండోస్ వేయించమంటున్నారు.
– ఒక ఉపాధ్యాయురాలు, చింతపల్లి మండలం

జవాబు: వైరస్ కాదమ్మా. ల్యాప్‌టాప్ తన పని తాను చేసుకుపోతోంది. మీరు నెట్‌ను కొలిచి కొనుక్కుంటున్న సంగతి దానికి తెలియదు.

మీ ఉత్తరం అందిన రోజే నా ల్యాప్‌టాప్‌ను ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిపి, బ్రౌజర్ తెరవకుండా, సిస్టమ్ మానిటర్ అనే యాప్ తెరిచి కూర్చున్నాను. అందులో రిసోర్సెస్ అనే పేజీలో నెట్‌వర్క్ గీత ఉంటుంది. కాసేపు నేలకు అంటుకుపోయినట్టున్న గీత ఉన్నట్టుండి నిట్టనిలువుగా లేచింది. పక్కనున్న అంకె 40 ఎంబీ, 90, 160 అంటూ చూస్తుండగానే పెరిగింది. స్టవ్ మీద పాలు దించి వచ్చేసరికి 300 దాటింది. నేను ఒక్క మీట కూడా నొక్కలేదు.

అది స్నాప్‌ల పని. స్నాప్ అంటే ఉబుంటులో యాప్‌లను మూటగట్టి అందించే ఒక పద్ధతి. 22.04 వెర్షన్ నుంచి ఉబుంటులో ఫైర్‌ఫాక్స్ మామూలు ప్యాకేజీగా కాక స్నాప్‌గా వస్తోంది. కొత్త స్నాప్‌లు వచ్చాయేమో అని వ్యవస్థ రోజుకు నాలుగు సార్లు చూసుకుంటుంది, వస్తే మనల్ని అడగకుండా దించేస్తుంది. బ్రౌజర్‌తో పాటు అది ఆధారపడే స్నాప్‌లు కూడా ఉంటాయి కాబట్టి ఒక్కోసారి వందల ఎంబీలు ఖర్చవుతాయి. తీగ ఇంటర్నెట్ ఉన్న ఇంట్లో ఇది ఎవరి కంటా పడదు. మీకు మాత్రం ఆ రోజు పాఠమే ఆగిపోతుంది. కోటా దాటాక చాలా ప్యాకుల్లో వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది, అంటే సెకనుకు 8 కేబీ. ఆ వేగంతో 100 ఎంబీ దిగడానికి మూడున్నర గంటలు పడుతుంది. పిల్లలు ఎదురుగా కూర్చుని ఉండగా ఆ చక్రం తిరుగుతూ ఉంటే ఎంత బాధగా ఉంటుందో నాకు తెలుసు.

ముందు సెట్టింగ్స్‌లో వైఫై తెరవండి. మీ హాట్‌స్పాట్ పేరు పక్కనున్న పళ్లచక్రం గుర్తు నొక్కితే, వివరాల పేజీలో మీటర్డ్ కనెక్షన్ అన్న గడి ఉంటుంది. అందులో టిక్కు పెట్టండి. మామూలు అప్‌డేట్లు వాటంతట అవి దిగడం దీనితో ఆగుతుంది. స్నాప్‌లు మాత్రం విడిగా చెబితే తప్ప ఆ టిక్కును పట్టించుకోవు. స్నాప్‌లు ఇలా చేయడం నాకు అస్సలు నచ్చదు. కొలత నెట్ అని మనిషి చెప్పాక, యంత్రంలో ప్రతి భాగమూ వినాలి. దీనికి టెర్మినల్, అంటే ఆజ్ఞలు టైపు చేసే కిటికీ, తెరిచి, అన్నీ ఇంగ్లిష్ చిన్న బడి అక్షరాలలో, సుడో (ఎస్, యూ, డీ, ఓ), స్నాప్, సెట్, సిస్టమ్ అనే నాలుగు మాటలను మధ్యలో ఒక్కో ఖాళీ వదిలి కొట్టండి. మరో ఖాళీ వదిలి రిఫ్రెష్, చుక్క, మీటర్డ్, ఈక్వల్ గుర్తు, హోల్డ్, ఈ ఐదింటినీ ఖాళీ లేకుండా కలిపి కొట్టండి. ఎంటర్ నొక్కాక పాస్‌వర్డ్ అడుగుతుంది. కొడుతున్నప్పుడు తెర మీద అక్షరాలు కనబడవు, కంగారు పడవద్దు.

అలాగని అప్‌డేట్లు పూర్తిగా మానకండి, వాటిలో భద్రతకు సంబంధించినవి ఉంటాయి. చాలా ప్యాకుల్లో కోటా అర్ధరాత్రి మారుతుంది. వారానికోసారి రాత్రి పదిన్నరకు ఎంత మిగిలిందో చూసుకుని, సాఫ్ట్‌వేర్ అప్‌డేటర్‌ను, ఆ తర్వాత యాప్ సెంటర్‌ను మీరే నడపండి. మామూలు ప్యాకేజీలు దిగుతుండగా నెట్ ఆగినా ఫరవాలేదు, మర్నాడు ఆగిన చోటి నుంచే అందుకుంటాయి. దిగినవి ఇన్‌స్టాల్ అవుతున్నప్పుడు కరెంటు పోతేనే చిక్కు. బ్యాటరీ సగానికి పైగా ఉన్నప్పుడే మొదలుపెట్టండి.

ఇక మీవారికి ఒక మాట చెప్పండి. విండోస్ కూడా వెనకాల అప్‌డేట్లు దించుకుంటుంది, దానిలోనూ ఇలాంటి టిక్కే పెట్టాలి.

ప్రశ్న: మా పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ 10కు ఇక అప్‌డేట్లు రావన్నారని లైనక్స్ మింట్ వేసుకున్నాను. అన్నీ బాగున్నాయి కానీ వైఫై అసలు కనిపించడం లేదు. వైఫై చిప్‌ను నడిపే సాఫ్ట్‌వేర్, అదే డ్రైవర్, కావాలంటే నెట్ కావాలి, నెట్ కావాలంటే డ్రైవర్ కావాలి. ఏం చేయను?
– ఒక డిగ్రీ విద్యార్థి, జనగామ

జవాబు: విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసిన దగ్గర నుంచి ఇలాంటి ఉత్తరాలు చాలా వస్తున్నాయి బాబూ. నీ ల్యాప్‌టాప్‌లోది బ్రాడ్‌కామ్ కంపెనీ వైఫై చిప్ అయి ఉండవచ్చు. పాత వాటిలో కొన్నింటికి డ్రైవర్ విడిగా వేయాలి.

దారి నీ జేబులోనే ఉంది. ఆండ్రాయిడ్ ఫోనును యూఎస్‌బీ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు కలిపి, ఫోన్ సెట్టింగ్స్‌లో హాట్‌స్పాట్ ఉన్న చోటే యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయి. ల్యాప్‌టాప్‌కు అది తీగ నెట్‌లా కనిపిస్తుంది, ఏ డ్రైవరూ అడగదు. ఫోన్ అప్పటికే హాస్టల్ వైఫైలో ఉంటే ఆ వైఫైనే కేబుల్ మీదుగా అందిస్తుంది, నీ మొబైల్ డేటా ఖర్చు కాదు. తర్వాత డ్రైవర్ మేనేజర్ తెరిచి, అది సూచించిన డ్రైవర్ వేసి, రీస్టార్ట్ చేయి.

టెథరింగ్ మీట బూడిద రంగులో ఉండి కదలకపోతే ముందు కేబుల్ మార్చి చూడు. కొన్ని చవక కేబుళ్లలో కరెంటు మోసే తీగలే ఉంటాయి, డేటా తీగలు ఉండవు. ఛార్జింగ్ ఎక్కుతుంది కాబట్టి కేబుల్ మీద అనుమానమే రాదు. ఇలాంటి కేబుల్‌తో నేను ఒక ఆదివారమంతా పోగొట్టుకున్నాను. అప్పటి నుంచి డేటా నడిచే కేబుల్‌కు ఎర్ర దారం కట్టి సొరుగులో వేరుగా ఉంచుతున్నాను.

ప్రశ్న: ఒకే కంప్యూటర్‌లో విండోస్, లైనక్స్ రెండూ ఉన్నాయి. లైనక్స్ వాడి విండోస్‌లోకి వెళ్తే గడియారం ఐదున్నర గంటలు వెనక్కి పోతోంది. బ్యాటరీ మార్చినా తగ్గలేదు.
– ఒక పాఠకుడు, బళ్లారి

జవాబు: బ్యాటరీ తప్పేమీ లేదండీ. ఆ ఐదున్నర గంటలు మన సమయానికీ అంతర్జాతీయ ప్రామాణిక సమయానికీ ఉన్న తేడా. కంప్యూటర్ లోపలి గడియారంలో లైనక్స్ అంతర్జాతీయ సమయం రాస్తుంది, విండోస్ దాన్నే స్థానిక సమయం అనుకుని చదువుతుంది. లైనక్స్ టెర్మినల్‌లో టైమ్, డేట్, సీటీఎల్ మూడింటినీ కలిపి ఒకే మాటగా కొట్టండి. ఒక ఖాళీ వదిలి సెట్, లోకల్, ఆర్‌టీసీ మూడింటినీ చిన్న అడ్డగీతలతో కలిపి కొట్టండి. మరో ఖాళీ వదిలి 1 అంకె వేయండి. ఇక్కడా అన్నీ చిన్న బడి అక్షరాలే. ఆ తర్వాత విండోస్‌లో ఒక్కసారి సమయం సరిచేసుకుంటే చాలు.