కరపత్రం ఇచ్చాను, మాటలు ఆగిపోయాయి

ప్రశ్న: అమ్మగారూ, వందనాలు. మాది ఒంగోలు దగ్గర పల్లెటూరు. హైదరాబాద్‌లో ఉద్యోగం, హాస్టల్లో ఉంటాను. మా సంఘంలో ఈ నెల ఒక్కొక్కరు ఐదుగురికి సువార్త చెప్పాలని, ఆదివారం లేచి ఎంతమందికి చెప్పామో చెప్పాలని పెట్టారు. నా రూమ్మేట్ వాళ్ల నాన్నగారు డయాలసిస్ మీద ఉన్నారు. ఒక రాత్రి తను ఫోన్ పెట్టేసి ఏడుస్తుంటే ఇదే సమయం అనుకుని కరపత్రం చేతికిచ్చి, "యేసయ్యను నమ్ముకో, మీ నాన్నకు బాగైపోతుంది" అన్నాను. తను ఏమీ అనలేదు. కరపత్రం తిరిగి నా మంచం మీద పెట్టి, దుప్పటి కప్పుకుని పడుకుంది. పది రోజులైంది, అవసరానికి తప్ప మాట్లాడట్లేదు. సిగ్గుపడకుండా సాక్ష్యం చెప్పాను కదా, నాది తప్పెలా అవుతుంది? పైగా ఇంకా నలుగురు మిగిలారు, టెన్షన్‌గా ఉంది.
– ఒక సోదరి, హైదరాబాద్

జవాబు: తల్లీ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆ పిల్ల మీద నీకు ప్రేమ లేదని నేను అనను. లేకపోతే పది రోజుల మౌనం నిన్ను ఇంత బాధపెట్టదు. కానీ తప్పెలా అవుతుందని అడిగావు కాబట్టి చెబుతాను. వాళ్ల నాన్నకు బాగైపోతుందని నువ్వు మాట ఇచ్చేశావు, ఆ మాట ఇచ్చే అధికారం నీకూ లేదు, నాకూ లేదు. దేవుడు స్వస్థపరుస్తాడని నమ్ముతాను, అందుకే ప్రార్థిస్తాను. అయినా మోకాళ్ల మీద ఏడ్చి ప్రార్థించాక కూడా మా సంఘంలో ఎంతమందిని సమాధి చేశామో నాకు తెలుసు. రేపు ఆయనకేమైనా అయితే ఆ పిల్ల యేసయ్యను ఏమనుకోవాలి?

ఇంకొకటి, ఐదుగురి లెక్క. ఆ రాత్రి తన ఏడుపు నీకు వినబడింది, కానీ దాని పక్కనే ఆదివారం చెప్పాల్సిన అంకె కూడా వినబడింది. అది తనకు తెలిసిపోయింది, అవతలివాళ్లకు ఇలాంటివి ఇట్టే తెలిసిపోతాయి.

నాకు పెళ్లయిన కొత్తలో శనివారాలు మా ఊరి పెద్దాసుపత్రికి కరపత్రాలు పట్టుకుని వెళ్లేదాన్ని. ఒకరోజు మెట్ల దగ్గర ఒకావిడ ఒక చేతిలో స్టీలు క్యారియర్, ఇంకో చేతిలో ఎక్స్‌రే కవరు పట్టుకుని ఎక్కుతోంది. చేతులు ఖాళీ లేవు కదా అని కరపత్రాన్ని క్యారియర్ పిడి కింద దోపి, నవ్వి ముందుకు వెళ్లిపోయాను. తిరిగొచ్చేటప్పుడు చూస్తే అది మెట్ల మీద మజ్జిగ మరకతో పడి ఉంది. ఆవిడ మీద నొచ్చుకున్నాను, ఇంటికొచ్చి మా ఆయనతో కూడా చెప్పాను. ఆవిడ రెండు చేతులూ ఖాళీ లేవన్న సంగతికి అర్థమేమిటో చాలా ఏళ్లకు గాని నాకు తట్టలేదు. ఆ క్యారియర్ ఇటివ్వండి, నేను పట్టుకుంటాను అని ఒక్క మాట అని ఉంటే రెండంతస్తులు ఆవిడతో కలిసి ఎక్కేదాన్ని, లోపల ఎవరున్నారో, ఏమైందో తనే చెప్పేది.

మీది ఒంగోలు వైపు అన్నావు, ఈ సంగతులు మీ ఇంట్లో పెద్దవాళ్లకు తెలిసే ఉంటాయి. 1876 నుంచి 78 వరకు పెద్ద కరువు వచ్చింది. అప్పట్లో ఒంగోలులో ఉన్న అమెరికా మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్న వేలమందికి పని, కూలి ఇప్పించారు. బోధకులు ఆ కూలీలతోనే ఉంటూ, పని ఆగినప్పుడు వాళ్ల పక్కన కూర్చుని యేసును గూర్చి చెప్పేవారు. మాకు బాప్తిస్మం ఇవ్వండి అని జనం అడిగినా దొరగారు ఏడాదికి పైగా ఇవ్వలేదు. కూడు కోసం వచ్చామని వాళ్లు తర్వాత అనుకోకూడదు, లోకమూ అనకూడదు. కరువు సాయం ఆగిపోయాకే ఇచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మన కూడికల్లో ఈ అంకెను గొప్పగా చెప్పుకుంటాం. దాని ముందున్న నెలల తరబడి ఆగడం గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు, నాకైతే ఆ ఆగడమే పెద్ద సాక్ష్యం. కష్టంలో ఉన్న మనిషికి సాయాన్నీ బాప్తిస్మాన్నీ ఒకే చేత్తో అందించకూడదని ఆయనకు తెలుసు.

అంతకు ముందు ఎర్రగుంట్ల పేరయ్యగారి సంగతి. మాదిగవారు, తోళ్ల వ్యాపారం. వ్యాపారం మీద ఉత్తరం వైపు ఊళ్లకు వెళ్లినప్పుడు సువార్త విని, 1866లో బాప్తిస్మం తీసుకుని ఊరికి తిరిగొచ్చారు. తన చుట్టాలకు, తనతో తోళ్ల బేరాలు చేసేవాళ్లకు, అంటే తనను ఏళ్ల తరబడి ఎరిగినవాళ్లకే చెప్పారు. 1867 జనవరిలో క్లౌ దొరగారు ఆ ఊరు వెళ్లేసరికి జనం సిద్ధంగా ఉన్నారు, 28 మందికి బాప్తిస్మం ఇచ్చారు. మనిషి ఎలాంటివాడో ముందే తెలుసు కాబట్టి అతని మాట విన్నారు.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది. ముందు తన దగ్గరికి వెళ్లి, "ఆ రాత్రి నేను అలా అనకూడదు, సారీ" అను. అంతే, దాని వెనకాల వాక్యం జోడించకు. తర్వాత వాళ్ల నాన్నగారికి డయాలసిస్ ఏ రోజుల్లోనో కనుక్కో. వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలదాకా పడుతుంది, బయట కుర్చీలో కూర్చునేవాళ్లకు ఆ నాలుగు గంటలు గడవవు. సెలవు రోజున వెళ్లి వాళ్లమ్మ పక్కన కూర్చో, ఆవిడ టీ తాగి వస్తానంటే బ్యాగు చూసుకో. "అంకుల్ కోసం ప్రార్థన చేసుకోనా?" అని అడుగు. వద్దంటే నీ గదిలో చేసుకో, దేవుడికి వినబడుతుంది.

తను ఎప్పుడో ఒకరోజు, నువ్వు రోజూ పొద్దున్నే లేచి ఏం చదువుతావని అడుగుతుంది, అడక్కపోనూ వచ్చు. అడిగితే దాచుకోకు, భయపడకు. మనలో ఉన్న నిరీక్షణ, అంటే ఆశ గురించి అడిగినవాళ్లకు జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండమని బైబిల్లో పేతురు రాశాడు, సాత్వికంతో చెప్పమని కూడా రాశాడు. ఐదు నిమిషాల్లో నీ సంగతి చెప్పు, యేసు నీకేం చేశాడో. మారుమనస్సు, ఆత్మల భారం లాంటి మన గుడి మాటలు బయటివాళ్లకు అర్థం కావు, ఇంట్లో మాట్లాడే మాటల్లోనే చెప్పు. వాళ్ల దేవుళ్లను ఒక్క మాట అనకు.

ఇక ఆదివారం లెక్క. లేచి, మిగతా నలుగురికి చెప్పలేదని చెప్పేయ్. సంఘపెద్దలకు జరిగిందంతా వివరించు, ఈ పద్ధతి వాళ్లు మళ్లీ ఆలోచించుకోవడం మంచిదని నా అభిప్రాయం.

ప్రశ్న: మేము యౌవనస్థులం కాలనీలో కరపత్రాలు పంచుతుంటే కొందరు అడ్డుకుని పోలీసులకు ఫోన్ చేస్తామన్నారు. చెప్పే హక్కు మనకు లేదా?
– ఒక సోదరుడు, తిరుపతి

జవాబు: ఉంది బాబూ. రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని ఆచరించే హక్కుతోపాటు ప్రచారం చేసుకునే హక్కూ ఇచ్చింది, శాంతిభద్రతలకు లోబడి. అయితే ప్రచారం చేయడమంటే ఎదుటివాళ్లను మతం మార్చే హక్కు కాదని 1977లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు చాలామందికి కష్టంగా ఉంటుంది, నాకు మాత్రం హృదయం మార్చేది మనం కాదన్నది మన విశ్వాసమే కదా అనిపిస్తుంది. ఇంకో ముఖ్యమైన సంగతి, మీరు తిరుపతిలో ఉన్నారు. తిరుమల లాంటి పుణ్యక్షేత్రాల్లో అన్యమత ప్రచారాన్ని నిషేధిస్తూ మన రాష్ట్రంలో 2007లో చట్టం వచ్చింది. కొండమీదికి కరపత్రాలు తీసుకెళ్లకండి. చట్టం లేకపోయినా అక్కడ పంచడం సరికాదనే అంటాను, మన ప్రార్థన జరుగుతుండగా ఎవరైనా వచ్చి పంచితే మనకెలా ఉంటుంది? కాలనీలో ఎవరైనా వద్దంటే వందనం చెప్పి వచ్చేయండి. వాదన వద్దు, వీడియోలు అసలే వద్దు.

ప్రశ్న: నాకు చదువు రాదు. మనవరాలితో రాయిస్తున్నాను. మా అబ్బాయి తాగుడు మానేసి నాలుగేళ్లయింది, దేవుడే మాన్పించాడు. పూల అంగడి దగ్గర ఆడవాళ్లకు యేసయ్య గురించి చెప్పాలని ఉంది, వాక్యాలు నోటికి రావు.
– ఒక తల్లి, తెనాలి

జవాబు: అక్కయ్యా, బైబిల్లో యేసు బావి దగ్గర మాట్లాడిన సమరయ స్త్రీ కూడా వాక్యాలు చెప్పలేదు. కుండ బావి దగ్గరే వదిలేసి ఊళ్లోకి వెళ్లి, తనకు జరిగింది చెప్పి, వచ్చి చూడండి అంది. మీరు మనవరాలితో నాకు రాయించిన ఆ రెండు ముక్కలే పూలు కట్టుకుంటూ చెప్పండి. చెప్పేముందు ఒకసారి అబ్బాయిని అడగండి, అది అతని సంగతి కూడా కదా. అతను సరేనంటేనే చెప్పండి.