పాపకి ఏ బొమ్మ కొనాలని అడిగావు కదా

అమ్మడూ,

నువ్వు పంపిన ఫొటోలు నాలుగూ చూశాను. ఆ పాటలు పాడే కుక్కపిల్ల మాత్రం వద్దు. మిగతా మూడింటి సంగతి తర్వాత చెబుతాను. నాలుగింట్లో నీ మనసు దాని మీదే ఉందని నాకు తెలుసు, అందుకే ముందు దాని గురించే రాస్తున్నాను.

అది మొరుగుతుంది, తోక ఊపుతుంది, అంకెలు చెబుతుంది. మరి పాప చేయాల్సిందేముంది? మీట నొక్కడం. కుక్కకి ఆకలేస్తే ఎలా మూలుగుతుందో, పిల్లిని చూస్తే ఎలా మీదికి ఉరుకుతుందో, ఆ చప్పుళ్లన్నీ మన పిల్ల నోట రావాలి. ఇక్కడ అవన్నీ బొమ్మే చేసేస్తోంది. పైగా అది మోగుతున్నంతసేపూ నువ్వు కూడా నోరు విప్పవు. అమెరికాలో 2016లో వెలువడిన ఒక అధ్యయనంలో పది నుంచి పదహారు నెలల పిల్లల్ని, వాళ్ల అమ్మానాన్నల్ని గమనించారు. మోగని మామూలు బొమ్మలతోనో పుస్తకాలతోనో ఆడించినప్పటికంటే, మోగే బొమ్మలు ముందున్నప్పుడు పెద్దవాళ్లు పిల్లలతో తక్కువ మాట్లాడారు. ముప్పై ఏళ్లు పసిపిల్లల బడిలో పనిచేసిన దాన్ని, నేను రోజూ చూసిందీ అదే.

ఒక నాలుగేళ్ల పిల్ల గురించి చెబుతాను. మా బడిలో ఖరీదైన పాప బొమ్మ ఒకటి ఉండేది, పళ్లన్నీ కనబడేలా నవ్వుతూ. ఒకరోజు ఆ బొమ్మకి జ్వరం వచ్చిందని ఈ పిల్ల హడావుడి పడింది. పడుకోబెట్టింది, నా చేతిరుమాలు అడిగి తీసుకుని తడిపి నుదుటి మీద వేసింది. కాసేపు అలాగే చూసింది. బొమ్మ నవ్వుతూనే ఉంది. రుమాలు మెల్లగా కిందికి లాగి నోరు కప్పేసింది. అప్పటికి కుదుటపడి, నా దగ్గరికొచ్చి చెవిలో చెప్పింది: ‘ఇప్పుడు ఏడుస్తోంది టీచర్.’

ఆ వారమే నేను ఒక గుడ్డబొమ్మ కుట్టాను. కళ్లకి రెండు చుక్కలు, నోటికి చిన్న దారం గీత, అటు నవ్వూ కాదు, ఇటు ఏడుపూ కాదు. పిల్లలు దాన్ని పెళ్లికూతుర్ని చేశారు, దొంగని చేశారు, డాక్టర్‌ని చేశారు. నవ్వుల బొమ్మ అలమారాలోనే ఉండిపోయింది. నువ్వు పాప బొమ్మ కొనేటప్పుడు ముందు ముఖం చూడు. ఈ ముఖం ఏడవగలదా, అలగగలదా, నిద్రపోగలదా అని చూడు. ఒక్క నవ్వు తప్ప ఇంకేదీ చేతకాని ముఖమైతే కింద పెట్టేయ్.

ఇక పనితనం. ఇది ఫొటోలో తెలియదు, చేత్తో పట్టుకోవాలి. చెక్క బొమ్మ అయితే పల్చటి నూలు గుడ్డతో అంచులన్నీ నెమ్మదిగా తుడువు. పోగు పట్టుకుందంటే అక్కడ ఉప్పుకాగితం సరిగ్గా పట్టలేదన్నమాట. ఆ చోటే రేపు పాప వేలికి గుచ్చుకుంటుంది. తర్వాత గుడ్డని తడిపి రంగు మీద గట్టిగా రుద్దు. గుడ్డకి రంగు అంటితే ఆ బొమ్మ మనకొద్దు, ఎందుకంటే పాప దాన్ని నోట్లో పెట్టుకోకుండా ఉండదు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడు. రంగు ఘాటుగా కొడితే అదీ వద్దు.

గుర్రమో ఏనుగో అయితే కాళ్లు చూడాలి. చెక్కలో సన్నటి నార గీతలు కనబడతాయి కదా, అవి కాలి పొడవునా నిలువుగా సాగాలి. అడ్డంగా ఉంటే ఒక్కసారి కిందపడితే చాలు, కాలు పుటుక్కున విరుగుతుంది. బొమ్మ చేసినవాడికి చెక్క తెలుసా లేదా అన్నది నాకు అక్కడే అర్థమైపోతుంది. చక్రాల బండి అయితే చక్రాన్ని పట్టుకుని గట్టిగా లాగు, మొహమాటపడకు. ఇరుసు చివర శీల వేసి బిగించారా, ఊరికే జిగురు పూసి వదిలేశారా చూడు.

చెక్కే కొనాలి, ప్లాస్టిక్ ముట్టుకోకూడదు అని నేననను. లెగో ఇటుకలు చూడు, వాటి అమరికకి 1958లో పేటెంట్ తీసుకున్నారు, అప్పటి ఇటుక ఇవాళ్టి ఇటుకకి ఇప్పటికీ టక్కున అతుక్కుంటుంది. పనితనమంటే అదీ. కానీ ఆ చిన్న ముక్కలు మన పాపకి ఇప్పుడే కాదు, పెద్ద ముక్కలున్న రకమే ఇవ్వాలి.

భద్రత గురించి నీకు తెలిసే ఉంటుంది, అయినా చెప్పకుండా ఉండలేను. మూడేళ్లలోపు పిల్లల బొమ్మల్ని పరీక్షించడానికి 31.7 మిల్లీమీటర్ల వ్యాసమున్న చిన్న గొట్టం వాడతారు. అందులో పూర్తిగా దిగిపోయే ముక్క ఏదైనా గొంతుకి అడ్డం పడొచ్చు. బటన్ బ్యాటరీ ఉన్న బొమ్మ మూత స్క్రూతో బిగించి లేకపోతే గుమ్మం దాటి లోపలికి రానివ్వకు. ఆ బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే ఆహారనాళం కాలిపోవచ్చు. విడి అయస్కాంతాలు అసలు వద్దు. రెండు మింగితే పేగుల మధ్య ఒకదాన్నొకటి పట్టుకుంటాయి.

ఇప్పుడు నీ రెండో ఫొటో, ఆ చెక్క దిమ్మలు. అవి తప్పకుండా కొను. కానీ కొలతలు చూసి కొను. న్యూయార్క్‌లో కరొలైన్ ప్రాట్ అనే టీచరమ్మ వందేళ్ల కిందట దిమ్మలు తయారుచేయించినప్పుడు మందానికి రెండింతలు వెడల్పు, వెడల్పుకి రెండింతలు పొడవు ఉండేలా లెక్క కట్టింది. అందుకే రెండు సగం దిమ్మలు పక్కపక్కన పెడితే ఒక నిండు దిమ్మతో సరిగ్గా సరిపోతాయి. వంతెన కట్టేటప్పుడు ఒక పక్క పొడవు దిమ్మ అయిపోయిందనుకో, పాప రెండు పొట్టివి వెతికి ఒకదాని మీద ఒకటి నిలబెడుతుంది. కొలత కుదిరిందని చూసుకుని నీ ముఖంలోకి చూస్తుంది చూడు, ఆ చూపు కోసమే ఇదంతా. కొలతలు తప్పిన దిమ్మలతో ఎంత జాగ్రత్తగా కట్టినా గోడ ఒరుగుతుంది, పిల్ల తనకే చేతకాలేదనుకుంటుంది. అక్కడికక్కడే పది దిమ్మలు ఒకదాని మీద ఒకటి పేర్చి చూడు. నిటారుగా నిలబడితే తీసుకో. రంగులు లేనివే తీసుకో. ఎర్ర దిమ్మ మంటే అవుతుంది, రంగులేనిది మంటా అవుతుంది, మంచమూ అవుతుంది.

అలాగని అందం అక్కర్లేదనడం లేదు. పాప ఈ వస్తువుని వెయ్యిసార్లు చేతిలోకి తీసుకుంటుంది, పక్కలో పెట్టుకుని పడుకుంటుంది. అది నునుపుగా, చేతికి కాస్త బరువుగా, ఒకటి రెండు రంగుల్లో నిండుగా ఉండాలి. పిల్లలకి అందం తెలియదనుకోవడం మన పొరపాటు. బాగున్న వస్తువుని వాళ్లు పట్టుకునే తీరే వేరుగా ఉంటుంది.

మూడోది వంటగిన్నెలు. బొమ్మ గిన్నెల కన్నా నీ వంటింట్లో వాడని చిన్న గిన్నె, మూత, గరిటె ఇవ్వు. నాలుగోది కోట, అది వద్దు. ప్రతి కిటికీ, ప్రతి జెండా వాళ్లే పెట్టేశారు, అది ఎప్పటికీ కోటగానే ఉంటుంది. ఆ డబ్బుతో ఇంకో పెట్టె దిమ్మలు కొను. ఒకే ఆకారంలో చాలా ఉంటే తప్ప ఊరు కట్టలేరు.

బొమ్మలన్నీ ఒకేసారి ముందు పోయకు. 2018లో వచ్చిన ఒక పరిశోధనలో పదహారు బొమ్మలున్న గదిలో కంటే నాలుగే ఉన్న గదిలో పసిపిల్లలు ఒక్కో బొమ్మతో ఎక్కువసేపు, ఎక్కువ రకాలుగా ఆడారు. నాలుగైదు బయట ఉంచి మిగతావి దాచిపెట్టు, రెండు మూడు వారాలకోసారి మార్చు. పాప అడిగితే మాత్రం ఏదైనా తీసి ఇచ్చేయ్.

పార్సిల్ వచ్చిన అట్టపెట్టె పారేయొద్దు. అమెరికాలోని రోచెస్టర్‌లో ఆటల మ్యూజియం ఒకటుంది. అక్కడ గొప్ప బొమ్మల గౌరవ జాబితాలో 2005లో అట్టపెట్టెని, 2008లో కర్రపుల్లని, 2011లో దుప్పటిని చేర్చారు. నాకు భలే సంతోషం వేసింది. పాత దుప్పటి ఒకటి పాపకి వదిలేయ్, రెండు కుర్చీల మీద పరుచుకుని గుహ చేసుకుంటుంది. పిలిస్తే లోపలికి వెళ్లు. పిలవకపోతే వెళ్లకు.

వచ్చే నెల నేను వచ్చేటప్పుడు బడిలోని చెక్కగుర్రాన్ని తెస్తున్నాను, బడి మానేసినప్పుడు నాకే ఇచ్చేశారు. రంగు చాలావరకు పోయింది. ముందు కాలు ఒకటి విరిగితే శీల వేసి బిగించాను, దానికి గుడ్డపీలికతో కట్టు ఉంటుంది. అది కట్టింది అయిదేళ్ల కుర్రాడు, అతికించిన కాలైనా నొప్పి పుడుతుంది కదా అని. పాప విప్పుతానంటే విప్పుకోనీ, కానీ పీలిక మాత్రం దాచిపెట్టు, మళ్లీ కట్టాలంటుంది.

మీ పెద్దమ్మ