ఎథికల్ హ్యాకింగ్ నేర్చుకోండి, అత్యవసర నిధిని మాత్రం ముట్టుకోవద్దు

ప్రశ్న: నా వయసు 29. ఆరేళ్లుగా ఐటీ సపోర్ట్‌లో పనిచేస్తున్నాను. భార్య, రెండేళ్ల పాప, అమ్మ నా సంపాదన మీదే ఆధారపడి ఉన్నారు. ఎథికల్ హ్యాకర్ (అనుమతితో కంపెనీల సిస్టమ్‌లలో లోపాలు వెతికి చెప్పేవారు) కావాలని చాలాకాలంగా కోరిక. ఉద్యోగం మానేసి సైబర్ సెక్యూరిటీలో రెండేళ్ల మాస్టర్స్ చేయాలనుకుంటున్నాను. ఫీజు నా 20 నెలల జీతమంత. అందులో 15 నెలల జీతమంత ఎడ్యుకేషన్ లోన్ వస్తుంది. మిగిలిన దానికి పర్సనల్ లోన్ తీసుకుంటాను. ఇప్పుడు జీతంలో 80 శాతం ఇంటి ఖర్చులకే పోతోంది. ఐదు నెలల ఇంటి ఖర్చుకు సరిపడా డబ్బు బ్యాంకులో ఉంది, చదువుకునేటప్పుడు అది వాడుకుందామని ఆలోచన. బగ్ బౌంటీలు (కంపెనీల సాఫ్ట్‌వేర్‌లో లోపాలు కనిపెట్టి చెబితే ఇచ్చే బహుమతులు) చేస్తే వాయిదాలు సులువుగా కట్టేయొచ్చని స్నేహితులు అంటున్నారు. ఈ నెలాఖరులోగా చేరితే ఫీజులో తగ్గింపు ఉందన్నారు, సీటు కోసం అడ్వాన్స్ కట్టాను. ముందుకు వెళ్లమంటారా?

జవాబు: వద్దు. వృత్తి మంచిదే, మీకు నప్పుతుంది కూడా. దాన్ని చేరుకోవడానికి మీరు ఎంచుకున్న దారి మాత్రం మీ ఇంటిని రోడ్డు మీదకు తెస్తుంది. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి. ఒకరు డేటా సైన్స్ అంటారు, ఇంకొకరు క్లౌడ్ అంటారు. కోర్సు ఏదైనా చేసే పొరపాటు ఒక్కటే. ఆపద కోసం దాచిన డబ్బును చదువు ఖాతాలో రాసేస్తారు. మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది ఫీజు కాదు, 'అది వాడుకుందామని' అన్న ఆ మాట.

లెక్క చూడండి. చదువు 24 నెలలు, చేతిలో డబ్బు ఐదు నెలలకు. ఆరో నెల పాప పాలకు, ఇంటి అద్దెకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. పైగా ఆ ఐదు నెలలు కూడా పూర్తిగా రావు. పర్సనల్ లోన్‌కు వాయిదా వచ్చే నెల నుంచే మొదలవుతుంది. ఐదు నెలల జీతమంత అప్పును 15 శాతం వడ్డీకి మూడేళ్లలో తీర్చాలంటే, నెలనెలా ఇప్పటి జీతంలో ఆరో వంతుకు పైగా పోతుంది. జీతం ఆగిపోయాక అది నిధిలోంచే కట్టాలి. నాలుగు నెలలు దాటగానే నిధి ఖాళీ. అప్పటికి మీ మొదటి సెమిస్టర్ కూడా పూర్తవదు.

ఎడ్యుకేషన్ లోన్‌కు చదువు అయ్యేదాకా కట్టక్కర్లేదు కదా అని చాలామంది ధీమాగా ఉంటారు. వాయిదా ఆగుతుంది కానీ వడ్డీ ఆగదు. 12 శాతం వడ్డీ అనుకుని, డబ్బంతా మొదట్లోనే విడుదలైతే, రెండేళ్ల చదువు, ఆపై ఆరు నెలల గడువు ముగిసేసరికి 15 నెలల జీతమంత అప్పు పందొమ్మిదిన్నర నెలల జీతమంత అవుతుంది. ఉద్యోగం వచ్చినా రాకపోయినా వాయిదా తేదీ మాత్రం వస్తుంది. ఇక ఫీజుకు పర్సనల్ లోన్ అన్న ఆలోచనను ఇక్కడితో వదిలేయండి. జీతం లేని మనిషి అంత వడ్డీకి అప్పు తీసుకోవడాన్ని నేను ఏ పరిస్థితిలోనూ ఒప్పుకోను.

బగ్ బౌంటీల సంగతి. హ్యాకర్‌వన్, బగ్‌క్రౌడ్ లాంటి వేదికల్లో డబ్బు వస్తుంది, నిజమే. కానీ ఒక లోపాన్ని ముందుగా చెప్పిన వారికే బహుమతి. అదే లోపాన్ని మీరు రెండు రోజులు ఆలస్యంగా కనిపెడితే 'డూప్లికేట్' అని రాసి పంపిస్తారు, పైసా రాదు. వారాల తరబడి శ్రమ పడినా ఆ నెల రాబడి సున్నా కావచ్చు. కంపెనీ అనుమతించిన పరిధి దాటి ఒక్క సర్వర్‌ను తడిమినా అది నేరం కిందికి వస్తుంది. నెత్తి మీద వాయిదా ఉన్న మనిషికి ఆ గీత దాటాలనే ఒత్తిడి ఎక్కువ. ఈ వృత్తిలో పేరే పెట్టుబడి. ఒక్క కేసు నమోదైతే మళ్లీ మీ చేతికి ఎవరూ తమ సిస్టమ్ అప్పగించరు.

ఇప్పుడు మీకు కనిపించని ఆస్తి గురించి. ఆరేళ్ల సపోర్ట్ అనుభవం. పెనెట్రేషన్ టెస్టర్‌గా, అంటే అనుమతితో సిస్టమ్‌ల మీద దాడి చేసి లోపాలు పట్టే మనిషిగా, నేరుగా మొదటి ఉద్యోగం దొరకడం అరుదు. ఎక్కువమంది నెట్‌వర్క్, సిస్టమ్ అడ్మిన్, సపోర్ట్ పనుల నుంచి సెక్యూరిటీ మానిటరింగ్ వైపు వెళ్లి, అక్కడి నుంచి టెస్టింగ్‌కు చేరతారు. ఆ మెట్లలో మొదటిది మీరు ఎప్పుడో ఎక్కేశారు. రెండో మెట్టు మీ కంపెనీలోనే ఉందేమో ముందు కనుక్కోండి. సెక్యూరిటీ టీమ్ మేనేజర్‌ను కలిసి, వారానికి కొన్ని గంటలు వాళ్ల పనిలో చెయ్యి కలుపుతానని అడగండి. దీనికి ఫీజు లేదు, జీతం ఆగదు.

నేర్చుకోవడానికి కావాల్సినవి చాలావరకు ఉచితం. హ్యాకింగ్ పరికరాలతో వచ్చే ఆపరేటింగ్ సిస్టమ్ కాలీ లినక్స్ ఉచితం. వెబ్ లోపాల మీద పోర్ట్‌స్విగ్గర్ వారి వెబ్ సెక్యూరిటీ అకాడమీలో పాఠాలు, ల్యాబ్‌లు ఉచితం. సాఫ్ట్‌వేర్ భద్రత కోసం పనిచేసే ఓవాస్ప్ సంస్థ వారి జ్యూస్ షాప్ కావాలనే లోపాలతో తయారుచేసిన అప్లికేషన్, మీ సొంత కంప్యూటర్‌లో పెట్టుకుని ఎంతైనా పగలగొట్టవచ్చు. లినక్స్ కమాండ్లు చేతికి అలవాటు కావాలంటే ఓవర్‌దవైర్ ఆటలు ఉన్నాయి. రోజుకు గంటన్నర కూర్చోండి. ఆరు నెలల తర్వాత కూడా అదే ఉత్సాహం ఉంటే అప్పుడు పరీక్ష ఫీజు గురించి ఆలోచిద్దాం. ఉత్సాహం తగ్గిందా, అప్పు లేకుండానే ఆ సంగతి తెలిసిందని సంతోషించండి.

సర్టిఫికెట్ పరీక్షల్లో మొదట ప్రాథమిక స్థాయిదైన సెక్యూరిటీ ప్లస్ రాయండి. గంటన్నరలో గరిష్ఠంగా 90 ప్రశ్నలు, మీ అనుభవానికి అందుబాటులో ఉండేదే. సీఈహెచ్ (సర్టిఫైడ్ ఎథికల్ హ్యాకర్) రాత పరీక్షలో 125 బహుళైచ్ఛిక ప్రశ్నలకు నాలుగు గంటల సమయం ఇస్తారు. ఉద్యోగ ప్రకటనల్లో ఆ పేరు అడుగుతుంటేనే దానికి ఖర్చు పెట్టండి. చేత్తో పని చేసి చూపించగలరని నిరూపించేది ఓఎస్‌సీపీ అనే ప్రాక్టికల్ పరీక్ష. 23 గంటల 45 నిమిషాల పాటు ల్యాబ్‌లోని సిస్టమ్‌లను ఛేదించాలి, ఆ తర్వాత 24 గంటల్లో రిపోర్టు రాసి పంపాలి. మొదటిసారే గట్టెక్కనివారు చాలామంది ఉంటారు. అందుకే రెండో ప్రయత్నం ఫీజు కూడా పక్కన పెట్టుకున్నాకే మొదటి ప్రయత్నానికి కూర్చోండి. సెక్యూరిటీ ప్లస్, సీఈహెచ్‌లను మూడేళ్లకోసారి రెన్యూ చేసుకోవాలి, ఆ ఖర్చూ బడ్జెట్‌లో రాసుకోండి.

మాస్టర్స్ మీద మోజు తగ్గకపోతే, ఉద్యోగం చేస్తూ దూరవిద్యలో చదవండి, అదీ అప్పు లేకుండా.

అసలు విషయానికి వస్తాను. ఉద్యోగం మారాలనుకునే వారికి ఆరు నెలల నిధి చాలదు. కొత్త రంగంలో మొదటి ఉద్యోగం ఎప్పుడు దొరుకుతుందో ఎవరూ చెప్పలేరు, నలుగురి కడుపు నింపాల్సిన మీకైతే తొమ్మిది నెలలు ఉండాల్సిందే. ఉన్న ఐదు నెలల డబ్బును అలాగే ఉంచండి. జీతంలో మిగిలే 20 శాతం పూర్తిగా అందులో వేస్తే, మిగతా నాలుగు నెలల మొత్తం 16 నెలల్లో సమకూరుతుంది. పరీక్ష ఫీజులు తీస్తే ఏడాదిన్నర పైనే అనుకోండి. ఎలాగూ మీరు రాత్రిపూట నేర్చుకునే కాలం కూడా అంతే. ఈ డబ్బు షేర్లలోకి వెళ్లకూడదు, బంధువుల చేతికి వెళ్లకూడదు. అడిగిన రోజే చేతికొచ్చే చోట, మీ జీతం ఖాతాతో సంబంధం లేని ఖాతాలో ఉండాలి.

నా దగ్గరికి వచ్చే ఒక అబ్బాయి మీలాగే నిధి మొత్తం తీసి బూట్‌క్యాంప్‌కు కట్టేశాడు. మూడో నెలలో వాళ్ల నాన్నకు ఆపరేషన్ అవసరమైంది. ఉద్యోగం మానేశాడు కాబట్టి కంపెనీ ఇచ్చే హెల్త్ ఇన్సూరెన్స్ కూడా అప్పటికే పోయింది. క్రెడిట్ కార్డుల మీద కట్టాడు. ఆ వడ్డీ తీర్చడానికి దొరికిన ఉద్యోగంలో చేరిపోయాడు, కోర్సు సగంలో ఆగిపోయింది. తెలివికి ఏ లోటూ లేని కుర్రాడు. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది.

మీ అమ్మగారికి, భార్యాబిడ్డలకు కంపెనీతో సంబంధం లేని సొంత హెల్త్ పాలసీ ఉందో లేదో మీరు రాయలేదు. లేకపోతే ఈ నెల మిగులు ముందు దానికే. తర్వాత మీ పేరు మీద టర్మ్ పాలసీ.

నెలాఖరు తగ్గింపు కోసం టెన్షన్ పడకండి, అలాంటి తగ్గింపులు మళ్లీ మళ్లీ వస్తాయి. సీటు వదులుకుంటున్నట్టు రేపే రాతపూర్వకంగా పంపండి. అడ్వాన్స్ రసీదు వెనక, అడ్మిషన్ ఫారంలో రిఫండ్ నిబంధన ఉంటే అది ఎన్ని రోజులలోపు వర్తిస్తుందో చూడండి. గడువు దాటకముందే అడిగి తెచ్చుకున్న ఆ డబ్బును నేరుగా నిధి ఖాతాలో జమ చేయండి.