అగ్నిపర్వత బూడిద పడితే ఇళ్ల పైకప్పులు ఎందుకు కూలిపోతాయి?

అగ్నిపర్వత బూడిద కట్టెల పొయ్యిలో మిగిలే తేలికైన బూడిద లాంటిది కాదు; అది పొడిపొడిగా నలిగిన రాయి, గాజు రేణువుల రాశి. పది సెంటీమీటర్ల మందాన పేరుకుంటే పొడిగా ఉన్నప్పుడే చదరపు మీటరుకు 50 నుంచి 100 కిలోలు తూగవచ్చు. వాన నీటిని పీల్చుకుంటే ఆ బరువు దాదాపు రెట్టింపు కావచ్చు.

1991 జూన్ 15న ఫిలిప్పీన్స్‌లో పినటుబో పర్వతం బద్దలైన రోజునే యున్యా తుఫాను కూడా లుజాన్ దీవిని తాకడంతో, కురుస్తున్న బూడిద తడిసి కప్పుల మీద ముద్దలా పేరుకుంది. విస్ఫోటనం నాటి మరణాల్లో అధిక భాగం పైకప్పులు కూలడం వల్లే సంభవించడం ఎంతో బాధాకరం. మధ్యలో గోడలు, స్తంభాల ఆసరా లేని విశాలమైన కప్పులకు, చిన్న గదుల ఇళ్ల కంటే ముప్పు ఎక్కువ. బాగా వాలుగా ఉన్న కప్పు మీద నుంచి పొడి బూడిద చాలావరకు జారిపోతుంది గానీ, తడి బూడిద అతుక్కుని నిలిచిపోతుంది.

బూడిదకు అంటుకుని ఉండే ఆమ్ల లవణాలు ఇనుప రేకులను తుప్పు పట్టిస్తాయి. వాన రాకముందే, మందం పెరగకముందే పొడి బూడిదను కొంచెం కొంచెంగా తీసివేయాలి. గొట్టంతో నీళ్లు కొట్టి కడగబోతే బరువు పెరుగుతుంది, వాన నీటి కాలువలూ పూడిపోతాయి. అప్పటికే కుంగిన కప్పు మీదికి ఎవరూ ఎక్కకూడదు.