15 కిలోల రోబో వార్స్‌కి మొదటిసారి దిగుతున్నాం, ఏ వెపన్ పెడితే గెలుస్తాం?

తమ్ముడూ, సెకండ్ ఇయర్‌లో మేం కూడా ఇదే ప్రశ్న పట్టుకుని ఒక సెమిస్టర్ మొత్తం కొట్టుకున్నాం, డ్రమ్మా (ముందు గిరగిరా తిరిగే రోలు), బార్ స్పిన్నరా (తిరిగే కడ్డీ), ఫ్లిప్పరా (ఎదుటి రోబోని ఎత్తి పడేసేది) అని. తీరా మొదటి ఫైట్‌లో మా రోబోని ఓడించింది ఎదుటోళ్ళ వెపన్ కాదు, మాదే. అందుకే నా మాట విను, వెపన్ సంగతి ఆఖర్న చూసుకో, ముందు చక్రాలూ వైరింగూ.

మాదీ 15 కిలోల లోపు రోబోల కేటగిరీనే. డ్రమ్ పెడదామని డిసైడ్ అయ్యి విజయవాడ ఆటోనగర్‌లో మూడు కిలోల స్టీల్ రోలు, 10 సెంటీమీటర్ల డయా, లేత్ మీద తీయించాం. మేస్త్రి గారు డ్రాయింగ్ తిరగేసి మరగేసి చూసి "ఏంటి బాబూ, చెరుకురసం మిషన్‌కా?" అన్నారు. రోబోలు కొట్టుకోడానికండీ అంటే నవ్వారు గానీ పని మాత్రం భలే చేశారు. మాకు తెలీని ఇంకో పని కూడా ఆయనే చేశారు. రెండు సమానమైన ఇనప పట్టీల మీద షాఫ్ట్ ఆనించి వదిలితే రోలు దానంతటదే కొంచెం దొర్లి ఆగింది, అంటే కిందకొచ్చిన వైపు బరువెక్కువ అన్నమాట. అక్కడ చాక్‌పీస్‌తో గీత గీసి, డ్రిల్‌తో చిన్న గుంట తీసి, మళ్ళీ వదలడం, మళ్ళీ ఇంకో గుంట, అలా ఎక్కడ వదిలితే అక్కడే నిలబడేదాకా. బాలెన్స్ చేయకుండా స్పీడ్‌గా తిప్పితే రోబో మొత్తం ఊగిపోద్ది, బేరింగులు పోతాయి. దానికి విడిగా డబ్బులు కూడా తీసుకోలేదాయన.

ఇప్పుడు లెక్క చూడు. ఆ రోలు 6000 ఆర్‌పీఎంలో తిరిగితే అందులో ఉండే ఎనర్జీ సుమారు 740 జౌల్స్. 15 కిలోల రోబోని ఐదు మీటర్ల ఎత్తునుంచి కింద పడేస్తే ఎంతో అంత. స్పీడ్ సగం చేస్తే ఎనర్జీ నాలుగో వంతుకి పడిపోద్ది, మీటరుంపావు ఎత్తునుంచి పడేసినట్టే, అందుకే అందరూ ఆర్‌పీఎం వెనక పడతారు. కానీ అందరం మర్చిపోయేది ఏంటంటే, ఆ దెబ్బ ఎదుటోడికి ఎంత తగులుద్దో మనకీ అంతే తగులుద్ది, న్యూటన్ మూడో సూత్రం ఇంటర్‌లో బట్టీపట్టి రాశాం గానీ అరీనాలో నిలబడేదాకా ఎవడికీ ఎక్కలేదు.

మొదటి దెబ్బకే ఎదుటోళ్ళ రోబో గాల్లోకి లేచింది, ఢామ్మని సౌండు, మావాళ్ళు ఈలలు, నేనైతే గెలిచేశాం అనుకున్నా. ఆ తర్వాత రిమోట్ స్టిక్ ముందుకి తోస్తే మా రోబో కదల్లేదు. డ్రమ్ మాత్రం గుయ్యిమని తిరుగుతానే ఉంది, రోబో ఉన్నచోటే ఉంది, వాళ్ళేమో కారు వైపర్ మోటార్లతో నడిచే మామూలు వెడ్జ్‌తో (ముందు ఏటవాలు రేకున్న రోబో) నింపాదిగా వచ్చి మమ్మల్ని గోడకి నెట్టి పెట్టారు. రిఫరీ కౌంట్ చేసేశాడు. విప్పి చూస్తే డ్రైవ్ ఈఎస్‌సీకి (చక్రాల మోటార్ల స్పీడ్ కంట్రోలర్) పవర్ వెళ్ళే వైరు సోల్డర్ దగ్గర ఊడిపోయి ఉంది. పది రూపాయల పని.

కాబట్టి వైర్లు బిగుతుగా లాగకండి, కొంచెం వదులు ఉంచి, జాయింట్ పక్కనే జిప్ టై వేసి బాడీకి కట్టేయండి. రిమోట్ సిగ్నల్ అందుకునే రిసీవర్‌ని ఫోమ్‌లో చుట్టండి. చక్రాలు బాడీ కన్నా ఎత్తుగా ఉంటే తిరగబడినా నడుస్తుంది. బ్యాటరీ తీసేసి గడ్డి మీద నడుం ఎత్తునుంచి నాలుగైదు సార్లు పడేసి ఏది ఊడిందో చూడండి, మేం రెండో ఏడు అదే చేశాం, మొదటిసారికే రెండు జాయింట్లు ఊడాయి. కనెక్టర్లు, హీట్ ష్రింక్ (వేడి చేస్తే జాయింట్‌ని పట్టేసే ట్యూబ్) లాంటివి హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి.

స్పిన్నర్ లేకపోతే గెలవలేం అని ఎవడైనా అంటే 2015 బ్యాటిల్‌బాట్స్ (అమెరికా రోబో ఫైట్ల టీవీ షో) ఫైనల్ చూపించు. టూంబ్‌స్టోన్ అనే రోబోకి అడ్డంగా తిరిగే భయంకరమైన బార్, దాన్ని ఓడించిన బైట్ ఫోర్స్ అనే రోబోకి అప్పుడు తిరిగే వెపనే లేదు, పట్టుకుని ఎత్తేదే. తర్వాత అదే టీమ్ నిలువు స్పిన్నర్‌కి మారి 2018లో మళ్ళీ గెలిచిందనుకో, అది వేరే సంగతి. వాళ్ళకి ముందు నడపడం వచ్చు.

నడపడం అంటే గుర్తొచ్చింది, చిన్నప్పుడు భీమవరం మావుళ్ళమ్మ జాతరలో కొన్న రిమోట్ కార్లకి ముందు రేకు ముక్కలు కట్టి నేనూ మా పెదనాన్న కొడుకూ గుద్దించుకునేవాళ్ళం, నాకున్న డ్రైవింగ్ ప్రాక్టీస్ అంతా అదే. మీరూ వెపన్ లేకుండా రోబోని రెండు వారాలు రోజూ నడపండి, రోబో ముఖం మనవైపు ఉన్నప్పుడు కుడి ఎడమలు తిరగబడతాయి, అది చేతికి అలవాటు కావాలి.

లిపో (లిథియం పాలిమర్) బ్యాటరీతో మాత్రం వేళాకోళం వద్దు. ఒక్కో సెల్ 4.2 వోల్టుల పైకి ఛార్జ్ చేయొద్దు, 3 కిందకి దించొద్దు, ఉబ్బినదాన్ని మళ్ళీ వాడొద్దు, ఛార్జింగ్ పెట్టి పడుకోవద్దు. వెపన్ తిరక్కుండా ఆపే లాక్ పిన్ పెట్టకుండా రూమ్‌లో ఆన్ చేసే మగాడు ప్రతి టీమ్‌లో ఒకడుంటాడు, రిమోట్ వాడికి ఇవ్వకు.

ఇంకోటి, బరువు 14 కిలోల దగ్గర ఆపండి. మాది వెయిట్ చెక్‌లో 300 గ్రాములు ఎక్కువొచ్చి, అరగదీయడానికి గ్రైండర్ కోసం ఊరంతా తిరిగాం. మీ రూల్ బుక్‌లో మాక్సిమం వోల్టేజ్ ఎంత ఇచ్చారో కింద పెట్టు, దాన్నిబట్టి మోటార్ చెప్తా.